టోకెన్ లాకైంది, సంతకం మీద ప్రశ్నార్థకం పడింది... ముందు ఏది చూసుకోవాలి?

ప్రశ్న: నేను గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంటెంట్‌గా పనిచేస్తున్నాను. మాది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. మా ఎండీ గారి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (పెన్‌డ్రైవ్‌లా యూఎస్‌బీకి పెట్టేది) నా టేబుల్ సొరుగులోనే ఉంటుంది. పిన్ మర్చిపోకుండా దాని మీదే స్టిక్కర్ వేసి రాసుకున్నాం. పోయిన నెల జీఎస్టీ రిటర్న్ ఫైల్ చేయబోతే ఎమ్‌సైనర్ అనే సాఫ్ట్‌వేర్ రీస్టార్ట్ చేయమని మెసేజ్ వస్తూనే ఉంది. ఆ టెన్షన్‌లో టోకెన్ సాఫ్ట్‌వేర్ తెరిచి పిన్ మళ్లీ మళ్లీ కొట్టాను. ఇప్పుడు టోకెన్ లాక్ అయిందంటోంది. ‘ఇనీషియలైజ్ కొడితే సరిపోతుంది’ అని కంప్యూటర్ షాపతను అంటున్నాడు. ఇంకో బాధ ఏమిటంటే, అంతకుముందు బ్యాంకుకు పంపిన బోర్డు తీర్మానంలో సంతకం చెల్లదని మేనేజర్ గారు వెనక్కి పంపారు. తీర్మానం వెనక పాన్, ఆధార్ జిరాక్సులు కలిపి, సైజు తగ్గించి పంపాను. మా కంప్యూటర్‌లో ఉన్న పీడీఎఫ్‌లో సంతకం మీద పసుపు రంగు ప్రశ్నార్థకం ఉంది, వాళ్లకేమో ఎర్ర గుర్తు కనిపించిందట. రెండో డైరెక్టర్ ఎండీ గారి తమ్ముడు, డల్లాస్‌లో ఉంటారు. ఆయన తన టోకెన్‌తో సంతకం పెట్టబోతే అసలు పెట్టనివ్వడం లేదట. అన్నిటికీ నన్నే అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

సమాధానం: ముందు ఆ ఇనీషియలైజ్ సంగతి. కొట్టకండి. టోకెన్ షాపతని చేతికి ఇంకా ఇవ్వకపోతే ఇవ్వొద్దు, ఇచ్చి ఉంటే ఈ పూటే వెనక్కి తెచ్చుకోండి. టోకెన్ విషయంలో ఇనీషియలైజ్ అన్నా ఫార్మాట్ అన్నా ఒకటే. లోపలున్నదంతా తుడిచేసి ఖాళీ టోకెన్ చేతిలో పెడుతుంది. పిన్ గొడవ నిజంగానే తీరిపోతుంది, దాంతోపాటు ఎండీ గారి సర్టిఫికెట్ కూడా పోతుంది.

పోతే ఇంకో కాపీ తెప్పించుకోవచ్చు కదా అని షాపతను అనొచ్చు. కుదరదు. సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసిన రోజున, సంతకానికి ప్రాణమైన ప్రైవేట్ కీ ఆ టోకెన్‌లోని చిప్ లోపలే తయారైంది. అక్కడి నుంచి బయటికి తీయడానికి వీల్లేకుండానే ఆ చిప్‌ని తయారుచేస్తారు. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ దగ్గర కూడా దాని నకలు ఉండదు, ఉంటే ఆ సంతకానికి విలువే లేదు. అందుకని ఫార్మాట్ అయితే మళ్లీ డబ్బు కట్టి, పాన్, గుర్తింపు కాగితాలు ఇచ్చి, ఓటీపీలు చెప్పి, ఎండీ గారిని కెమెరా ముందు కూర్చోబెట్టి వీడియో తీయించి, కొత్త సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సిందే.

లాక్ అయినంత మాత్రాన మాత్రం ఏమీ పోలేదు. కీ లోపల భద్రంగానే ఉంది. తప్పు పిన్ ఎన్నిసార్లు కొట్టారన్న లెక్క కూడా ఆ చిప్‌లోనే ఉంటుంది కాబట్టి వేరే కంప్యూటర్‌కి పెట్టి చూసినా, రాత్రంతా వదిలేసి పొద్దున చూసినా ఆ లెక్క మారదు. ఇపాస్, ప్రాక్స్‌కీ, ఎమ్‌టోకెన్... మన దగ్గర ఎక్కువగా కనిపించే టోకెన్లు ఇవే. వీటిలో మీరు వాడే యూజర్ పిన్‌కి పైన అడ్మిన్ పిన్ అని ఇంకొకటి ఉంటుంది. దాంతో అన్‌లాక్ చేస్తే లోపలి సర్టిఫికెట్ చెక్కుచెదరదు, కొత్త పిన్ పెట్టుకోవచ్చు. ఆ పని ఎలా చేయాలో టోకెన్ అమ్మిన ఏజెన్సీ గాని, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ సపోర్ట్ వాళ్లు గాని చెబుతారు. ఎండీ గారి చేతే ఫోన్ చేయించండి, ఎందుకంటే వాళ్లు ఆయన వివరాలే అడుగుతారు. నంబరు గూగుల్‌లో వెతకొద్దు. సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు ఆయనకు వచ్చిన మెయిల్ తీసి అందులో ఉన్న నంబరుకే చేయండి. సపోర్ట్ పేరుతో ఎనీడెస్క్ (మన కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపించే యాప్) వేయించుకుని అకౌంట్లు ఊడ్చేసేవాళ్లు ఎక్కువయ్యారు. అడ్మిన్ పిన్ కూడా దొరక్కపోతే, లేదా అదీ లాక్ అయి ఉంటే, అప్పుడు ఫార్మాట్ గురించి ఆలోచించొచ్చు.

స్టిక్కర్ మీద చూసి కొట్టినా తప్పెలా అయింది? మీరు రాసినదాన్ని బట్టి రెండు అనుమానాలు వస్తున్నాయి. సర్టిఫికెట్ రెన్యువల్ అయినప్పుడు ఏజెంట్ కొత్త పిన్ పెట్టి ఉంటాడు, స్టిక్కర్ మాత్రం పాతదే మిగిలి ఉంటుంది. లేదంటే కీబోర్డులో కుడి పక్క అంకెల మీద కొట్టేటప్పుడు నమ్‌లాక్ ఆఫ్‌లో ఉంటుంది. పిన్ పెట్టెలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి, పడినవి ఎన్ని చుక్కలో లెక్కపెట్టుకోకపోతే తేడా తెలియదు. ఇకముందు అనుమానం వస్తే నోట్‌ప్యాడ్ తెరిచి అందులో ఒకసారి కొట్టి చూసుకోండి, ఆ తర్వాత మూసేయండి. తప్పు పిన్ కొట్టగానే ఇంకా ఎన్ని అవకాశాలు ఉన్నాయో చాలా టోకెన్ సాఫ్ట్‌వేర్లు చూపిస్తాయి. ఆ అంకె తగ్గుతోందంటే ఆగిపోవడమే మంచిది.

ఇక్కడ అసలు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఎమ్‌సైనర్ మెసేజ్‌కీ పిన్‌కీ సంబంధం లేదు. ఆ మెసేజ్ వచ్చిందంటే వ్యవహారం ఇంకా టోకెన్ దాకా రానేలేదని అర్థం. పిన్ అడిగే దశ ఆ తర్వాతెప్పుడో వస్తుంది. మీరు సమస్య లేని చోట తలుపు బాది, దాన్ని బిగించేశారు. డిజిటల్ సంతకాల్లో నేను చూసే చిక్కుల్లో చాలావరకు ఇలాంటివే. సంతకం మూడు చోట్ల ఆగిపోవచ్చు. ఒకటి టోకెన్, దాని డ్రైవర్. రెండోది పోర్టల్‌కీ టోకెన్‌కీ మధ్య మాట కలిపే ఎమ్‌సైనర్ లాంటి చిన్న సాఫ్ట్‌వేర్. మూడోది ఆ అవతలి పోర్టల్ గాని, సంతకం పడాల్సిన పీడీఎఫ్ గాని. ఎక్కడ ఆగిందో తేలకుండా ఏదీ కదపకూడదు, ముఖ్యంగా టోకెన్‌ని.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. టోకెన్ అన్‌లాక్ అయ్యాక దాన్ని పెట్టి, దాని సాఫ్ట్‌వేర్ తెరవండి. గడియారం పక్కన కింద మూలలో చిన్న బొమ్మ ఉంటుంది చూడండి, అదే. అందులో ఎండీ గారి పేరుతో సర్టిఫికెట్ కనిపించాలి. చాలావాటిలో దీనికి పిన్ కూడా అక్కర్లేదు. కనిపించకపోతే యూఎస్‌బీ హబ్ తీసేసి సీపీయూ వెనక ఉన్న పోర్టుకే నేరుగా పెట్టండి. అయినా లేకపోతే ఆ మోడల్‌కి సంబంధించిన డ్రైవరే వేశారా అని చూడండి. ప్రాక్స్‌కీ డ్రైవర్‌తో ఇపాస్ పలకదు. కనిపిస్తే గడువు తేదీ చూసుకోండి. ఇప్పుడొక ఖాళీ పీడీఎఫ్‌ని అడోబీ రీడర్‌లో తెరిచి, సర్టిఫికెట్ టూల్‌తో దాని మీద సంతకం పెట్టండి. అక్కడ సంతకం పడిందంటే టోకెన్, డ్రైవర్, పిన్ మూడూ బాగున్నాయి. ఆ తర్వాత పోర్టల్ ఎంత గింజుకున్నా మీరు టోకెన్ జోలికి వెళ్లనక్కర్లేదు.

అడోబీలో ‘ఫిల్ అండ్ సైన్’ అని ఇంకోటి కనిపిస్తుంది, దాన్ని నొక్కకండి. అది సంతకం బొమ్మని కాగితం మీద అతికిస్తుంది, అంతే. డిజిటల్ సంతకం పెట్టాననుకుని బొమ్మ పెట్టి పంపేవాళ్లు ఆఫీసుకొకరు ఉంటారు.

ఇప్పుడు ఎమ్‌సైనర్. జీఎస్టీ పోర్టల్ మీ బ్రౌజర్‌లో ఉంది, టోకెన్ మీ కంప్యూటర్‌కి ఉంది. వెబ్‌సైట్ నేరుగా మీ యూఎస్‌బీలోకి చెయ్యి పెట్టలేదు, పెట్టకూడదు కూడా. అందుకే మీ కంప్యూటర్‌లోనే ఎమ్‌సైనర్ అనే సాఫ్ట్‌వేర్ నడుస్తూ, బ్రౌజర్ పంపిన మాటని టోకెన్‌కి చేరవేస్తుంది. బ్రౌజర్‌కి దాని చిరునామా 127.0.0.1, అంటే మీ కంప్యూటరే. ఆ రెండిటి మధ్య లైన్ తెగినప్పుడు మీరు చూసిన మెసేజ్ వస్తుంది. సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదు అని రాస్తుంది కాబట్టి జీఎస్టీ సర్వర్ డౌన్ అయిందేమో అనుకుంటాం. చాలాసార్లు అక్కడ సర్వర్ అన్నది మీ సొంత కంప్యూటర్నే.

నడుస్తున్న ఎమ్‌సైనర్‌ని పూర్తిగా మూసేయండి. పైన కిటికీ మూస్తే చాలదు, కింద మూలలో ఉన్న బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఎగ్జిట్ కొట్టాలి. తర్వాత డెస్క్‌టాప్ మీది ఐకాన్‌కి రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అని తెరవండి. ఎక్కువసార్లు దీంతోనే దారికొస్తుంది. రాకపోతే బ్రౌజర్‌లో కొత్త ట్యాబ్ తెరిచి, హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుపెట్టి 127.0.0.1:1585 అని కొట్టండి. ఈ కనెక్షన్ సురక్షితం కాదని బ్రౌజర్ హెచ్చరిస్తుంది. అక్కడ అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు వెళ్లండి, ఆ తర్వాత జీఎస్టీ పేజీని రిఫ్రెష్ చేసి మళ్లీ ప్రయత్నించండి. అది మీ కంప్యూటర్ చిరునామానే కాబట్టి ఈ ఒక్క చోట హెచ్చరిక దాటొచ్చు. వేరే ఏ సైట్‌లోనైనా ఇదే హెచ్చరిక వస్తే మాత్రం వెనక్కి రండి. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌కి ఎమ్‌బ్రిడ్జ్ అని ఇలాంటిదే ఇంకొకటి ఉంటుంది. ఇలాంటివన్నీ ఒకేసారి నడుస్తుంటే కొన్ని కంప్యూటర్లలో ఒకదానికొకటి అడ్డం పడతాయి. పని ఉన్న దాన్నే ఉంచి మిగతావి మూసేయండి. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కావాలంటే ఆ పోర్టల్ నుంచే దించుకోండి, ఎవరో వాట్సాప్‌లో పంపిన సెటప్ ఫైల్ వద్దు.

రిటర్న్‌కి ఆఖరి రోజైన 20వ తేదీ సాయంత్రం దాకా ఆగితే మామూలుగా నడిచేది కూడా నడవదు. నెలవారీ జీఎస్టీ రిటర్న్ 3బీ ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు, నిల్ రిటర్న్ అయితే 20 రూపాయలు లేట్ ఫీజు పడుతుంది. కట్టాల్సిన పన్ను ఉంటే దాని మీద ఏడాదికి 18 శాతం వడ్డీ లెక్క వేరే. సంతకం పరీక్ష ఏదో 15వ తేదీకే చేసుకుంటే ఆ మూడు చోట్లలో ఎక్కడ తేడా ఉన్నా సరిచేసుకోవడానికి వ్యవధి ఉంటుంది. ప్రొప్రైటర్ షిప్ అయితే ఫోన్‌కి వచ్చే ఓటీపీతో ఈవీసీ పద్ధతిలో ఫైల్ చేసుకుని బయటపడొచ్చు. కంపెనీలకీ ఎల్‌ఎల్‌పీలకీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థలకీ) డీఎస్‌సీ, అంటే టోకెన్‌లోని డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్, తప్పనిసరి, మీకు ఆ వెసులుబాటు లేదు.

ఇక బ్యాంకు తిప్పి పంపిన పీడీఎఫ్. మీ దగ్గర పసుపు ప్రశ్నార్థకం, వాళ్ల దగ్గర ఎర్ర గుర్తు అన్నారు. రెండూ వేరు వేరు జబ్బులు. పసుపు చూసి కంగారు పడొద్దు. ‘ఈ సంతకం పెట్టిందెవరో నాకు పరిచయం లేదు’ అని అడోబీ చెబుతోంది, అంతకుమించి ఏమీ లేదు. మన దేశంలో డిజిటల్ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలన్నిటికీ పైన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ (సీసీఏ) అనే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం ఉంది. 2000 నాటి ఐటీ చట్టం కింద ఏర్పడింది. లైసెన్సు ఇచ్చేది వాళ్లే. ఆ కార్యాలయం రూట్ (మూల) సర్టిఫికెట్ మీ కంప్యూటర్‌లోని అడోబీ నమ్మే జాబితాలో లేకపోతే దాని కింద వచ్చిన సంతకాలన్నిటికీ ప్రశ్నార్థకమే పడుతుంది. ఇ-ఆధార్ దించుకున్నప్పుడు కూడా ఇదే గుర్తు చూసి ఉంటారు.

పోగొట్టాలంటే సంతకం మీద రైట్ క్లిక్ చేసి సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లోకి, అక్కడి నుంచి ‘షో సైనర్స్ సర్టిఫికెట్’లోకి వెళ్లండి. ఎడమ పక్కన మెట్లు మెట్లుగా పేర్లు కనిపిస్తాయి. అట్టడుగున ఎండీ గారి పేరు, దాని పైన సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు, అన్నిటికన్నా పైన సీసీఏ ఇండియా అని, పక్కన 2014 లేదా 2022 లాంటి సంవత్సరం ఉంటాయి. ఆ పైదాన్ని ఎంచుకుని, ట్రస్ట్ అనే ట్యాబ్‌లో ‘యాడ్ టు ట్రస్టెడ్ సర్టిఫికెట్స్’ నొక్కి, బయటికొచ్చి వ్యాలిడేట్ చేయండి. అంతా బాగుంటే ఆకుపచ్చ టిక్ వస్తుంది. పై మెట్టుని ఒకసారి నమ్మితే చాలు, దాని కింద వచ్చే వాటన్నిటికీ అదే వర్తిస్తుంది. నెట్ ఆన్‌లో ఉండాలి, సర్టిఫికెట్ రద్దయిందా లేదా అని అడోబీ అప్పటికప్పుడు చూసుకుంటుంది కాబట్టి.

ట్రస్ట్ నొక్కే ముందు ఆ మెట్లు చూడటం మాత్రం మానొద్దు. అడోబీలోనే నిమిషంలో ఎవరైనా, ఎవరి పేరుతోనైనా సొంతంగా ఒక డిజిటల్ ఐడీ తయారుచేసుకోవచ్చు. దాంతో పెట్టిన సంతకానికి కూడా మొదట ఇదే పసుపు గుర్తు వస్తుంది, కళ్లు మూసుకుని ట్రస్ట్ కొడితే ఇదే ఆకుపచ్చ టిక్ వస్తుంది. తేడా ఆ మెట్లలోనే తెలుస్తుంది. పైన సంస్థ పేరేమీ లేకుండా ఒక్క మనిషి పేరే ఉంటే అది తనకు తాను ఇచ్చుకున్న సర్టిఫికెట్. మీ కోల్డ్ స్టోరేజీకి పార్టీలు పంపే ఆథరైజేషన్ లెటర్ల విషయంలో ఇది పనికొస్తుంది.

ఇంకొక చిత్రం ఉంది. కొన్ని పీడీఎఫ్‌లలో ఆ ప్రశ్నార్థకం బొమ్మ సంతకం పెట్టెలోనే గీసి ఉంటుంది. అడోబీ రీడర్ సరిచూశాక దాని స్థానంలో టిక్ పెట్టి చూపిస్తుంది. క్రోమ్‌లో గాని ఫోన్‌లో గాని తెరిస్తే సరిచూసే ఏర్పాటు ఉండదు కాబట్టి ప్రశ్నార్థకం అలాగే ఉండిపోతుంది, అక్కడి నుంచి ప్రింట్ తీస్తే కాగితం మీదికీ వచ్చేస్తుంది. ఆ ప్రింట్ చూసి ‘సంతకం వ్యాలిడ్ కాదండీ’ అనే గుమస్తాలు ఉన్నారు. ఆకుపచ్చ టిక్ ఉన్న ప్రింట్ చూసి ‘సరే’ అనేవాళ్లూ ఉన్నారు. నిజానికి ప్రింట్ తీశాక ఏ గుర్తుకీ విలువ లేదు. సంతకం ఫైల్‌లో ఉంటుంది, కాగితం మీద ఉండదు.

ఇప్పుడు ఎర్ర గుర్తు. దీని కారణం మీ ఉత్తరంలోనే ఉంది. సంతకం అయ్యాక జిరాక్సులు కలిపి, సైజు తగ్గించానన్నారు. సంతకం పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ ఫైల్ మొత్తానికి ఒక లెక్క కట్టి, ఆ లెక్క మీద సంతకం వేస్తుంది. ఆ తర్వాత ఒక పేజీ కలిపినా, పేజీ నంబర్లు వేసినా, కంప్రెస్ చేసినా లెక్క తప్పుతుంది. మీరు మంచి ఉద్దేశంతోనే చేశారని దానికి తెలియదు, సంతకం తర్వాత ఎవరో కెలికారని చెబుతుంది. మేనేజర్ గారు తిప్పి పంపడం న్యాయమే. కొన్ని ఆన్‌లైన్ టూల్స్ అయితే సంతకాన్ని పూర్తిగా తుడిచేసి దాని బొమ్మ మాత్రం మిగులుస్తాయి, అప్పుడు ఏ గుర్తూ రాదు. ‘ప్రింట్ టు పీడీఎఫ్’ చేసినా ఇంతే. పైగా పాన్, ఆధార్ కాపీలని ఊరూపేరూ లేని ఉచిత సైట్లలోకి ఎక్కించడం వేరే తలనొప్పి.

ఎర్ర గుర్తు పడిన ఫైల్‌ని బాగుచేయలేం. మొదటి నుంచి చేయాలి. తీర్మానం, జిరాక్సులు, పేజీ నంబర్లు, సైజు తగ్గించడం అన్నీ అయిపోయాక, చిట్టచివర సంతకం. ఆ తర్వాత ఫైల్‌ని ముట్టుకోకుండా మెయిల్‌లో పంపండి. వాట్సాప్ అయితే డాక్యుమెంట్‌గా పంపితే పర్వాలేదు, ఫొటో తీసి పంపితే ఉపయోగం లేదు. మీ దగ్గర పసుపు గుర్తుతో ఉన్న అసలు ఫైల్ బాగానే ఉన్నట్టుంది. జిరాక్సులు విడిగా ఇంకో ఫైల్‌గా తీసుకుంటామని బ్యాంకు అంటే అదే పంపేయొచ్చు, టోకెన్ అన్‌లాక్ అయ్యేదాకా ఆగక్కర్లేదు. ముందు ఆ మాట అడగండి.

డల్లాస్ సంతకం సంగతి కూడా ఆ ఫైల్‌లోనే ఉంటుంది. అడోబీలో సంతకం పెట్టేటప్పుడు పిన్ అడిగే ముందు వచ్చే పెట్టెలో ‘లాక్ డాక్యుమెంట్ ఆఫ్టర్ సైనింగ్’ అని చిన్న టిక్ బాక్సు ఉంటుంది. అది పడి ఉంటే ఆ తర్వాత రెండో సంతకానికి తావు ఉండదు, సంతకం టూల్ నొక్కుడు పడదు. ఇద్దరు పెట్టాల్సిన కాగితంలో మొదటివారు ఆ టిక్ తీసేసి పెట్టాలి, ఆఖరివారు కావాలంటే లాక్ చేసుకోవచ్చు. రెండో సంతకం వల్ల మొదటిది చెడదు. అడోబీ దాన్ని మొదటి సంతకం తర్వాత వచ్చిన మార్పుగా విడిగా రాసుకుంటుంది. తమ్ముడు గారు సంతకం పెట్టి సేవ్ చేసిన ఫైల్‌నే తిరిగి పంపమనండి, ప్రింట్ తీసి స్కాన్ చేసి కాదు. అసలు బ్యాంకుకి ఇద్దరి సంతకాలూ కావాలా అని ఒకసారి కనుక్కోండి. తీర్మానం సర్టిఫైడ్ కాపీ మీద చాలాసార్లు ఒక డైరెక్టర్ సంతకమే సరిపోతుంది, అలా అయితే డల్లాస్ దాకా పోనక్కర్లేదు. టోకెన్ బదులు ఆధార్ ఈ-సైన్‌తో పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే, ఆధార్‌కి లింక్ అయిన ఇండియా నంబరు అమెరికాలో ఆయన ఫోన్‌లో పనిచేస్తోందో లేదో ముందు చూసుకోమనండి. ఓటీపీ దానికి వస్తుంది.

ఆయన కంప్యూటర్ గడియారం, తేదీ సరిగ్గా ఉన్నాయా అన్నది కూడా చూసుకోవాలి. టైమ్‌స్టాంప్ సర్వర్ (సంతకం సమయాన్ని బయటి నుంచి ధ్రువీకరించే సర్వర్) పెట్టుకోకపోతే సంతకం మీద పడే సమయం ఆ కంప్యూటర్‌దే. పాత కంప్యూటర్‌లో బ్యాటరీ పోయి తేదీ ఎప్పటికో వెనక్కి వెళ్లిపోతే, అప్పటికి పుట్టని సర్టిఫికెట్‌తో సంతకం పెట్టినట్టు చూపిస్తుంది. సర్టిఫికెట్ల జాబితాలో గడువు తీరినవి కూడా కనిపిస్తుంటాయి, ఎంచుకునేటప్పుడు పేరొక్కటే కాదు, గడువు తేదీ కూడా చదవాలి.

చివరికి ఆ స్టిక్కర్. ఊరందరి ఆఫీసుల్లోనూ ఇదే పద్ధతి, ఆడిటర్ల దగ్గర డబ్బాల నిండా క్లయింట్ల టోకెన్లు ఉంటాయి, నాకు తెలుసు. అయినా మీ కోసమే చెబుతున్నాను. ఐటీ చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ కీ ఇతరుల చేతికి చిక్కకుండా చూసుకోవాల్సిన బాధ్యత ఎండీ గారిదే. ఆ సొరుగులోంచి ఎవరైనా టోకెన్ తీసి, స్టిక్కర్ చూసి, ఏదో ఫారం మీద సంతకం పెట్టేస్తే అది ముందుగా ఎండీ గారు పెట్టిన సంతకంగానే లెక్కకొస్తుంది. ఆయన నేను పెట్టలేదని అంటే ముందు చూపు పడేది సొరుగు తాళం ఉన్న మీ మీదే. ఇప్పటికే అన్నిటికీ మిమ్మల్ని అంటున్నారు కదా.

దీనికి జీఎస్టీలో చక్కని దారి ఉంది. రిజిస్ట్రేషన్‌లో ఒకరికన్నా ఎక్కువ మందిని ఆథరైజ్డ్ సిగ్నేటరీలుగా (సంతకం పెట్టే అధికారం ఉన్నవారిగా) చేర్చుకోవచ్చు. కంపెనీ బోర్డు తీర్మానం చేసి మిమ్మల్ని చేర్చితే, మీ పాన్‌తో మీ సొంత డీఎస్‌సీ తీసుకుని మీ పేరుతోనే రిటర్న్ ఫైల్ చేయొచ్చు. ఎండీ గారి టోకెన్ ఆయన దగ్గరే ఉంటుంది. కంపెనీ ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌కి మాత్రం ఈ దారి లేదు, అక్కడ ఎండీ గారే సంతకం పెట్టాలి. అది ఏడాదికోసారే కదా, ఆయన్నే వచ్చి పిన్ కొట్టమనండి. డీఎస్‌సీ ఖర్చు కంపెనీ భరించాలి, మీరు పెట్టుకోవద్దు. డీఎస్‌సీ మీద దాని తరగతి క్లాస్ 3 అని ఉందో లేదో చూసుకోండి, క్లాస్ 2 ఇవ్వడం 2021 జనవరి నుంచి ఆపేశారు.

ఒకవేళ అన్‌లాక్ కుదరక ఎండీ గారికి కొత్త సర్టిఫికెట్ తీసుకోవాల్సి వస్తే, టోకెన్ చేతికి రాగానే పని అయిపోయిందనుకోవద్దు. పాన్ అదే అయినా సర్టిఫికెట్ కొత్తది కాబట్టి పాతది నమోదైన ప్రతి చోటా మళ్లీ నమోదు చేయాలి. జీఎస్టీలో మై ప్రొఫైల్ కింద ‘రిజిస్టర్ ఆర్ అప్‌డేట్ డీఎస్‌సీ’, ఇన్‌కమ్ టాక్స్‌లో ప్రొఫైల్ కింద డీఎస్‌సీ నమోదు, ఎంసీఏలో (కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో) ‘అసోసియేట్ డీఎస్‌సీ’, పీఎఫ్ పోర్టల్, మిర్చి ఎగుమతుల పని కూడా ఉంటే డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్). ఇవి చేయకుండా 20వ తేదీ కూర్చుంటే డీఎస్‌సీ రిజిస్టర్ కాలేదని ఇంకో కొత్త మెసేజ్ చూస్తారు. మిమ్మల్ని సిగ్నేటరీగా చేర్చడానికి కావాల్సిన తీర్మానం నమూనా మీ ఆడిటర్ గారి దగ్గర సిద్ధంగానే ఉంటుంది, ఎండీ గారు సపోర్ట్‌కి ఫోన్ చేసే రోజే దాన్ని కూడా అడిగి తెప్పించుకోండి.